టుర్గో సంస్కరణలు: జనాన్ని అడగని స్వేచ్ఛ

ఏ మాస్టారి పేరున ఈ స్మారకోపన్యాసం ఏర్పాటయిందో, ఆయన చరిత్ర పాఠాన్ని పన్నులతో, ధాన్యం ధరలతో మొదలుపెట్టేవారు. ఫ్రెంచి విప్లవానికి ముందు నడిచిన ఆలోచనల గురించి నేనూ ఆ దారిలోనే మాట్లాడతాను.

శాసనం చేసే అధికారం, అమలు జరిపే అధికారం, తీర్పు చెప్పే అధికారం ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ మిగలదని 1748లో మాంటెస్క్యూ వాదించాడు. సార్వభౌమత్వం ప్రజలదేనని 1762లో రూసో చాటాడు. అదే కాలంలో వెర్సాయ్ రాజభవనంలోనే మరో ఆలోచన మొలకెత్తింది. పదిహేనవ లూయీ ఆస్థాన వైద్యుడు ఫ్రాన్స్వా కెనే 1758లో దేశసంపద రైతు, భూస్వామి, చేతివృత్తులవారి మధ్య ఎలా తిరుగుతుందో పట్టిక గీసి చూపాడు. సంపదకు మూలం వ్యవసాయం. ధాన్యం మీద ఆంక్షలు పోవాలి. భూమి నికరాదాయం మీద ఒక్కటే పన్ను ఉండాలి. ఇదీ ఫిజియోక్రాట్ల సిద్ధాంతం. మరి ఇదంతా అమలు చేసేదెవరు? వివేకవంతుడైన రాజే అన్నారు వారు. జనాన్ని అడగాలన్న ఆలోచన వారికి ముఖ్యమనిపించలేదు. ఆ లోటు ఎంత ఖరీదైనదో ఆ భావాలకు దగ్గరగా ఉన్న టుర్గో అనుభవం చెబుతుంది.

టుర్గో లిమోజ్ ప్రాంతంలో 13 ఏళ్లు రాజప్రతినిధిగా పనిచేశాడు. రోడ్ల కోసం రైతుల చేత చేయించే వెట్టిని తీసేసి, దాని బదులు డబ్బు రూపంలో పన్ను పెట్టాడు. 1774 ఆగస్టులో పదహారవ లూయీ ఆయనకు ఆర్థికశాఖ అప్పగించాడు. సెప్టెంబరు 13న దేశంలో ధాన్యం వ్యాపారానికి స్వేచ్ఛ ఇస్తూ శాసనం వెలువడింది. ఆ ఏడు పంట సరిగా పండలేదు. మనకు అన్నం ఎంతో, అక్కడి పేదకు రొట్టె అంత. వసంతం వచ్చేసరికి ధర మండిపోయింది.

1775 ఏప్రిల్, మే నెలల్లో పారిస్ చుట్టుపక్కల అంగళ్లలో జనం తిరగబడ్డారు. దీన్నే పిండియుద్ధం అంటారు. చాలాచోట్ల వారు ధాన్యాన్ని ఊరికే ఎత్తుకుపోలేదు. న్యాయమని తమకు తోచిన ధర తామే కట్టి, ఆ డబ్బు చెల్లించి గింజలు తీసుకెళ్లారు. ప్రజలకు తిండి దొరికేలా చూడటం రాజు ధర్మమన్న నమ్మకం ఆ ధరలో ఉంది. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. మే 11న పారిస్‌లోని గ్రేవ్ కూడలిలో ఇద్దరిని ఉరితీశారు.

మరుసటి ఏడాది టుర్గో దేశమంతటా రోడ్డు వెట్టినీ, వృత్తి సంఘాల గుత్తాధికారాన్నీ రద్దు చేయించాడు. వెట్టికి బదులు భూస్వాములందరూ పన్ను కట్టాలన్నాడు. పారిస్ పార్లమెంటు అనే ఉన్నత న్యాయస్థానం ఎదురుతిరిగింది. మార్చి 12న రాజు స్వయంగా కూర్చుని శాసనాలను నమోదు చేయించినా, మే 12న టుర్గోనే పదవి నుంచి తొలగించాడు. నెలల్లోనే వెట్టి, వృత్తి సంఘాలు రెండూ తిరిగొచ్చాయి. వెట్టి పోవడం వల్ల మేలు పొందిన రైతుకు, ఆ మేలును కాపాడుకునేందుకు మాట్లాడే సభ ఒక్కటీ లేదు. గ్రామం నుంచి దేశం దాకా భూమి గలవారి సభల పథకాన్ని టుర్గో మిత్రుడు డ్యుపోన్ చేత రాయించాడు. అది రాజు ముందుకు వెళ్లనేలేదు.

విప్లవం మొదలయ్యాక, 1789 ఆగస్టు 26 నాటి హక్కుల ప్రకటనలో మాంటెస్క్యూ, రూసోల ఆలోచనలు రెండూ కలిశాయి. పన్ను అవసరమో కాదో తేల్చి సమ్మతించే హక్కు పౌరులదని 14వ అధికరణం చెప్పింది. కానీ మూడు రోజులకే జాతీయ సభ ధాన్యం వ్యాపారానికి మళ్లీ స్వేచ్ఛనిచ్చింది. అక్టోబరు 5న పారిస్ స్త్రీలు రొట్టె కోసం వెర్సాయ్ దాకా నడిచారు. వారికి ఓటు లేదు. మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టలేని మగవారికీ ఆ తర్వాత ఓటు దక్కలేదు. 1793లో ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టక తప్పలేదు.

టుర్గో నిజాయితీని నేను గౌరవిస్తాను. వెట్టి పోవాలన్నది ధర్మమైన మాట. అయినా సంస్కరణ భారం ఎవరి కంచం మీద పడుతుందో వారిని ముందుగా అడగాలి. వారి మాటకు తగ్గట్టు సంస్కరణనైనా మార్చుకోవాలి. అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ప్రతి సిద్ధాంతాన్నీ ఈ ప్రశ్నతో పరీక్షించాలని కోరుతున్నాను.