ఓడరేవులలోని పరాయి జీవులు – మన చెఱువుల కాపుదల



జనగామ ప్రాంతమున జీవితమంతయు బడిపంతులుగా గడపి, సముద్రమును రెండుమూడు పర్యాయములకంటె నెక్కువగా చూడనివాడనగు నేను నేడు ఓడరేవులనుగూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా దోపవచ్చును. పాకాల, రామప్ప చెఱువుల నీటితో పంటలు పండించుకొను మనకు ఉప్పునీటి సంగతితో పని యేమని మీరడుగవచ్చును. పని కలదు. కొంత యోపికతో వినుడు. అది యేమో మీకే బోధపడును.

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన నౌకావ్యాపారమునకు తెఱవబడినది. దాని లోపలి రేవునకు అలల తాకిడి లేదు. నీరు చెఱువునందువలె నిలుకడగా నుండును. మేహాద్రిగెడ్డ నీరు వచ్చి దానిలో కలియును. ఈ రేవునందు 1967వ సంవత్సరమున, అంతకుమున్ను మన తీరమున కానరాని యొక చిన్న ఆలిచిప్ప కనబడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన గణపతిగారు, లక్ష్మణరావుగారు మున్నగువారు దానిని పరీక్షించి, 1971లో ‘కరెంట్ సైన్స్’ అను పత్రికయందు వివరములు ప్రకటించిరి. దాని పుట్టినిల్లు మధ్య అమెరికా సముద్రతీరము. ఒడలిపై నల్లని చారలుండుటచే దానిని నల్లచారల ఆలిచిప్ప యని వ్యవహరింతురు.

ఇది యించుమించు అంగుళము పొడవుండు ప్రాణి. అయినను దీని బలగము పెద్దది. పుట్టిన నెల, నెలన్నరలోనే సంతానమునకు తగినదగును. దారములవంటి పోగులను వెలువరించి ఓడ యడుగును, లంగరు గొలుసును, నీటిగొట్టమును, దేనినైనను గట్టిగా నంటుకొనును. ఒకదానిపై నొకటి గుత్తులు గుత్తులుగా పెరుగును. ఇవి పట్టిన ఓడ నడక మందగించును, చమురు ఖర్చు హెచ్చును, గొట్టములు పూడిపోవును. అచ్చట అనాదిగా బ్రదుకుచున్న దేశవాళి చిప్పలకు చోటు కఱవగును. పిదప నిది ముంబయి, హాంకాంగు, సింగపూరు రేవులలోను కానవచ్చినది.

ఇంత దూరము ఇది యెట్లు వచ్చెను? ఓడ యడుగున అంటుకొనియైనను రావలెను. లేక ఓడ తూకము నిలుపుటకై పొట్టలో నింపుకొను నీటిలో పసిపిల్లలుగానైనను రావలెను. ఒక రేవున నింపిన నీటిని మఱియొక రేవున విడుచునపుడు ఆ పిల్లలు క్రొత్త నీటిలో పడును. ఈ నీటిని శుద్ధిచేయనిదే విడువరాదని పలు దేశములు గూడి 2004లో నొడంబడిక చేసికొనగా, అది 2017 సెప్టెంబరు 8వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఇక ఆస్ట్రేలియా దేశపు కథ వినుడు. ఆ దేశపు ఉత్తరమున డార్విను అను పట్టణము కలదు. అచ్చట సముద్రపు పోటుపాటులు మిక్కిలి యెక్కువ. కావున విహారనౌకలను నిలుపు చిన్న రేవులకు తలుపులు పెట్టి లోపలి నీటిని నిలువజేయుదురు. అట్టి రేవులను మెరీనా లందురు. 1998 సెప్టెంబరులో వెదకినపుడు అందు ఈ చిప్ప కనబడలేదు. 1999 మార్చిలో మునుగువారు దిగిచూడగా వేలకొలది కనబడినవి. ఆఱు నెలలలో వచ్చిన మార్పిది!

అధికారులు తడవు చేయలేదు. రేవుల తలుపులు మూసిరి. లోపలి పడవలను కదలనీయలేదు. అంతకుమున్ను వెడలిపోయిన పడవలను వెంటాడి పరీక్షించిరి. నీటిలో క్లోరినును, మైలుతుత్తమును కలిపిరి. చిప్పలతోబాటు అందలి తక్కిన ప్రాణులును నశించినవి. ఇరువది లక్షల డాలర్లకు మించి వ్యయమైనది. కాని చిప్ప సమూలముగా పోయినది. ఇప్పటికిని ఆ రేవులలో పలకలను నీట వ్రేలాడదీసి, నియమిత కాలమున పైకి తీసి, వానిపై నేమి మొలచినదో చూచుచుందురు. బయటినుండి వచ్చు పడవల యడుగులను పరీక్షింతురు.

డార్వినులో జయము కలుగుటకు కారణములు రెండు. నీటికి తలుపులుండుట ఒకటి, తొందరగా కనుగొనుట రెండవది. విశాఖలో ఈ రెండును లేకపోయినవి. కావున అచ్చట చిప్ప స్థిరపడిపోయినది.

ఇప్పుడు మన యూరికి వత్తము. నేను చేసిన తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

నలువది యేండ్ల క్రిందట క్రొత్తగా నుద్యోగమున చేరినవాడను. ఒక బంధువుల యింట తొట్టిలో నీలిపూవులు పూచిన మొక్కను చూచి ముచ్చటపడి, పెంబర్తి యిత్తడి చెంబులో పెట్టుకొని వచ్చి, మా గుడి కోనేటిలో విడిచితిని. మా చెఱువు నీరటికాడు, ముసలివాడు, దానిని చూచి, “అయ్యగారూ, గీ మొక్క మన నీళ్లది గాదు. ఇప్పుడే పెరికేయుండ్రి” అనెను. నేను నవ్వి, స్వామి పూజకు పనికివచ్చునంటిని. మఱు వానకాలమున కోనేరు పొర్లినది. మొక్క చెఱువులో పడినది. మూడేండ్లకు నీరు కానరాలేదు. అది గుఱ్ఱపుడెక్క. తూము పూడినది. బెస్తవారి వలలు పనికిరాకపోయినవి. దోమలు పెరిగినవి. ఊరందఱు గూడి ఎన్ని మార్లు తీసినను బురదలోని విత్తులు మఱల మొలచుచునే యున్నవి. ఒక్క చేతితో పెరికివేయదగినదానిని నూఱు చేతులు పెరుకజాలకున్నవి. చదువుకొన్నవాడను నేను, ఎఱిగినవాడతడు. అతడు నాతో మఱల ఆ మాట యెత్తలేదు. అదియే నాకు నేటికిని బాధగా నున్నది.

దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్కను మన దేశమునకు తెచ్చినవారును పూవు సొగసు చూచియే తెచ్చిరి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సంగతియు నిట్టిదే. త్వరగా పెరుగునని తెచ్చిరి. అది తక్కిన చేపలను మ్రింగుచుండుటచే దాని పెంపకమును కేంద్రప్రభుత్వము నిషేధించినది.

పెద్దలారా! మన చెఱువులు గొలుసుకట్టు చెఱువులు. పై చెఱువు మత్తడి దూకిన నీరే క్రింది చెఱువు. డార్వినులోవలె మూయుటకు తలుపులు లేవు. పసులు త్రాగు నీటిలో, మనము తిను చేపలున్న నీటిలో మందు కలుపుటయు తగదు. కావున మనకు మిగిలిన యుపాయము ముందుగా చూచుటయే. వానలకు మున్నొకమాఱు, మత్తడి దూకిన పిదప నొకమాఱు కట్టపై నడచి తూమును, మత్తడిని, కుంటల మూలలను చూడుడు. క్రొత్త ఆకు కనబడినచో పూవు పూయకమునుపే వేరుతో తీసి, నీటికి దూరముగా ఎండబెట్టి కాల్పుడు. పరాయి చెఱువున వేసిన వలను బాగుగా నెండనిదే మీ చెఱువున వేయనీయకుడు. అద్దపు తొట్లలో పెంచిన చేపలను దయతలచి చెఱువులో విడువవలదని పిల్లలకు చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగా, నీటికాపరి యేదైన చెప్పినపుడు నావలె నవ్వక, వెంటనే లేచి అతనివెంట గట్టుమీదికి పొండు.