దివాలా పిటీషను వ్యయము – మన సంఘ కర్తవ్యము
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, నూలు ధరలను గూర్చియు మనము ఏటేట ఈ వేదికపై చర్చించుకొనుచున్నాము. నేడు నేను విన్నవింపబూనిన విషయము మన యిండ్లలో గుసగుసలుగా మాత్రమే వినబడునది. అది దివాలా. లోకము దానిని "ఐ.పి. పెట్టుట" యని యెగతాళి సేయుచున్నది. ఐ.పి. యనగా దివాలా పిటీషను. అది శాసనము చూపిన త్రోవయే కాని దొంగత్రోవ కాదు. అయినను ఆ మాట పడలేక మన నేతగాడు మగ్గమును తెగనమ్మి వడ్డి గట్టును, ఊరు విడుచును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునే విడుచును. అందుచేతనే దీనిని సభకు దెచ్చితిని.

మన తెలుగునాట సామాన్యునకు నేటికిని వర్తించునది 1920 సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. 2016లో నూతన దివాలా స్మృతి పుట్టినను, అందు వ్యక్తుల భాగము 2019 డిసెంబరు 1 మొదలు కంపెనీల యప్పులకు హామీపడినవారి విషయమున మాత్రమే అమలునకు వచ్చినది. పాత చట్టము ననుసరించి, అప్పు తీర్పజాలనివాడు తన ఋణము 500 రూపాయలకు తక్కువ గాకున్నను, డిక్రీపై అరెస్టయినను, ఆస్తి జప్తులో నున్నను కోర్టును శరణుజొచ్చవచ్చును. దివాలాదారుగా ప్రకటింపబడిన పిమ్మట ఆస్తి రిసీవరు వశమగును. తాకట్టు పొందినవాని హక్కు చెడదు. తక్కిన ఋణదాతలు కోర్టు సెలవు లేక విడివిడిగా మీదబడరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంగళసూత్రము, చేతిపనివాని పనిముట్లు సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనుచే జప్తునకు లోనుగావు. మన చేమగ్గమును ఆ కోవలోనిదే యని కోర్టువారికి విన్నవించుకొనవలెను.

ఇక వ్యయము మాట. కోర్టు స్టాంపు ఒక్కటియే ఖర్చు కాదు. అప్పుల పట్టికయు, ఆస్తుల పట్టికయు వ్రాయింపవలెను. ఇరువదిమంది ఋణదాతలున్నవానికి ఇరువది నోటీసుల ఖర్చు. గెజెటు ప్రకటన కలదు; వకీలు ఫీజు కలదు; వాయిదా వాయిదాకు బస్సు ఛార్జియు, ఆనాటి కూలినష్టమును గలవు. తనకేమియు లేదని రుజువు చేసికొనుటకే ధనము కావలసివచ్చుచున్నది! ఇందుకై మరల అప్పు చేసినచో ఫలమేమి?

దీనికి శాసనమే కొంత యుపాయము చూపినది. 1987 సంవత్సరపు లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టము 12వ సెక్షను క్రింద స్త్రీలును, షెడ్యూల్డు కులములు తెగలవారును, వికలాంగులును, ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోబడిన యాదాయము గలవారును ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. వకీలు మాత్రమే కాదు, కోర్టు ఫీజు, నోటీసు ఖర్చులును అందు చేరియున్నవి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని, మండల కమిటీకి గాని దరఖాస్తు చేయవచ్చును. 15100 నంబరునకు టెలిఫోను చేయవచ్చును. ఈ సంగతి యెరుగక మనవారెందరో గుమాస్తాల చేతులలో పడుచున్నారు.

ఒక హెచ్చరిక. ఇది యెగవేతకు త్రోవ కాదు. పిటీషనుకు ముందు రెండేండ్లలో బావమరది పేర వ్రాసిన దానపత్రము రద్దగును. ఆస్తిని దాచినవానికి ఏడాది వరకు ఖైదు కలదు. ప్రకటన పొందినంతనే ఋణము తీరినట్లును కాదు. కోర్టు విధించిన గడువులో విడుదలకై మరల దరఖాస్తు చేయనిచో మొదటి యుత్తరువు రద్దగును. పడిన శ్రమయంతయు వ్యర్థము. విడుదల యైనను ప్రభుత్వ బాకీలు, మోసముచే చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి పోవు.

కావున నా సూచన యిది. న్యాయసహాయమునకు అర్హత లేనివారికిని, అర్హులకు మిగిలిన ప్రయాణాది ఖర్చులకును సంఘము ఒక చిన్న నిధిని వేరుగా నుంచవలెను. ఒక వకీలును, లెక్కలు తెలిసిన యొకరును, ఒక సోదరీమణియు గల ఉపసంఘము పట్టికలను పరిశీలించి, నిజాయితీపరునకే సాయపడవలెను. సొమ్ము చేతికీయక ఖర్చునకే చెల్లింపవలెను. విడుదల యుత్తరువు వచ్చువరకు చేయి విడువరాదు. సాయము పొందినవాని పేరు ఈ సంచికలో అచ్చువేయరాదు.

పోషకులారా! కల్యాణమండపమునకు మీరిచ్చిన విరాళము శిలాఫలకమున నిలిచియున్నది. ఈ నిధికిచ్చునది ఏ ఫలకమునను నిలువదు. ఒక యింట మగ్గపు చప్పుడై నిలుచును. ఈ తీర్మానమును ఆమోదింప సభవారిని వేడుకొని విరమించుచున్నాను.