రోగి పాఠ్యపుస్తకము కాడు
(పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



వైద్యవిద్య గ్రంథములవలన మాత్రమే అబ్బునది కాదు. నాడి పట్టి చూడక, గుండె చప్పుడు వినక, ఏ విద్యార్థియు వైద్యుడు కానేరడు. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల నెలకొన్ననాటినుండియు మన పెద్దాసుపత్రులే వైద్యులకు పాఠశాలలు. అందలి పేదరోగులే వారికి తొలిగురువులు. ఆ గురువులను మన మెట్లు చూచుచున్నాము? అద్దెగదిలోని సంపన్నునొద్దకు పదిమంది విద్యార్థులు పోవుట అరుదు. ఉచితవార్డులోని కూలివాని చుట్టును గుమిగూడుట నిత్యము.

కొన్నియేండ్ల క్రిందట మా మేనత్త నొక ఆసుపత్రిలో చేర్చితిమి. ఉదయమున డాక్టరుగారు పదిమంది విద్యార్థులతో వచ్చిరి. తెర వేయలేదు, ఆమెతో ఒక్కమాట యాడలేదు. పైట తొలగించి, ఇంగ్లీషున పాఠము చెప్పిరి. ఒక విద్యార్థి పెదవి విరిచెను. వారు వెడలినపిదప ఆమె నా చేయి పట్టుకొని, “నాయనా, నేనిక బ్రదుకనని చెప్పిరా?” అని యడిగెను. వ్యాధి అంతటిది కానేకాదు. తెలియని భాషయే ఆ భయమును పుట్టించెను.

మరునాడు వారిలో నొక బాలిక ఒంటరిగా వచ్చి, మంచము ప్రక్కన కూర్చుండి, “మామ్మగారూ, నేనింకను చదువుకొనుచున్నాను. మీ గుండె చప్పుడు విననిత్తురా?” అని యడిగెను. మా మేనత్త నవ్వి యొప్పుకొనెను. అంతేకాదు, డాక్టరుగారితో చెప్పక దాచిన రాత్రివేళ ఆయాసపు సంగతియు ఆ బాలికతో చెప్పి, “మంచి డాక్టరమ్మవు కమ్ము” అని దీవించెను. మొదటినాడు జరిగినది అవమానము. రెండవనాడు జరిగినది దానము. భేదమంతయు అడుగుటయందే యున్నది.

అడిగినచో రోగులు కాదందురనియు, విద్య కుంటుపడుననియు కొందరు పెద్దలు శంకింతురు. ఇచ్చుటలో మన పేదవాడు ఎవ్వరికిని తీసిపోడు. అడుగక తీసికొనుటయే అతనికి బాధ. ఒకవేళ కాదన్నను, అది అతని హక్కు. చికిత్సకు రోగి యిచ్చు సమ్మతి తెలిసి యిచ్చినదై యుండవలెనని 2008లో సుప్రీముకోర్టు చెప్పెను. ఆంతరంగికత ప్రాథమికహక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చిరి. రోగితో మాటాడు తీరు, వైద్యనీతి 2019నుండి వైద్యవిద్యార్థుల పాఠ్యక్రమముననే చేరినవి. కాని పుస్తకములోని ధర్మము తనంత తాను మంచము ప్రక్కకు నడచి రాదు.

కావున మనము కోరవలసినది స్వల్పము. వచ్చినవా రెవరో చెప్పవలెను. తెర వేయవలెను. కనుగొన్న సంగతిని తెలుగున తెలుపవలెను. వలదన్నవానికి చికిత్సలో లోపము రానీయరాదు. ఆసుపత్రికి తోడుపోవు మనమును ఒక పని చేయవలెను: రోగి చెవిలో, “నీవు కాదనవచ్చును” అని చెప్పుదము. ఆ మాట తెలిసినవాడు చెప్పిన ‘సరే’యే నిజమైన సమ్మతి.