భీమిలి కొండా, నేను కట్టిన కట్టా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గుమాస్తాకు కాగితం లేనిదే నోరు పెగలదు గనుక రాసుకొచ్చాను, మన్నించాలి.

భీమునిపట్నం వచ్చేవారు సముద్రం చూసి వెళ్లిపోతారు. ముందు కొండెక్కండి అంటాను. పావురాలకొండ మీద రెండువేల యేళ్ల క్రిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. ఇటుక పునాదులు నేటికీ ఉన్నాయి. నాకు మాత్రం రాతిలో తొలిచిన నీటి తొట్లంటే ఇష్టం. పడ్డ వాననే పట్టి దాచుకున్నారు. అక్కడ నిలబడితే గోస్తని సముద్రంలో కలిసేచోటు, లైట్‌హౌసు, ఊరంతా కనిపిస్తాయి.

17వ శతాబ్దంలో డచ్చివారు బట్టల వ్యాపారానికి వచ్చారు. మన పెద్దలు వారిని వలందావారనేవారు. బందరులో వలందపాలెం ఆ పేరే. 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. 1861లో మునిసిపాలిటీ వచ్చింది, దేశంలోని పాతవాటిలో ఒకటి. ఇప్పుడది మహా విశాఖలో కలిసిపోయింది. రైలు మా ఊరికి రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలూ క్రమంగా అటే పోయాయి.

ఇక నా సంగతి. 1979లో ఒక ఆఫీసులో జూనియర్ గుమాస్తాను. రికార్డు గది ఖాళీ చేయాలి, ఆర్.డిస్., డి.డిస్. విడదీయమన్నారు. ఒక పాత రిజిస్టరు దొరికింది. ఓడల దగ్గరకు సరుకు చేరవేసే పడవలు, వాటి మీద పనిచేసినవారి పేర్లు, గోధుమరంగు సిరాతో. అది ఉంచవలసినదని చూడగానే తెలిసింది. పై అధికారికి నోటు పెట్టాలి, అయిదున్నర బస్సు పోతుంది. పారవేయవలసిన కట్టలో కట్టి జాబితా మీద సంతకం చేశాను. కిలోల లెక్కన పోయింది.

చాలా ఏళ్లకు మా మేనత్త చెప్పింది, మా ముత్తాత ఆ పడవలమీదే తెడ్డు వేసేవాడట. పేరు ఆవిడకూ గుర్తులేదు. అందరూ "పడవ తాత" అనేవారట, అంతే.

మొన్న మనవరాలు బడిలో వంశవృక్షం రాయమన్నారని అడిగింది. డచ్చి సమాధుల దగ్గరకు తీసుకువెళ్తే, రాతి మీద అక్షరాలు వేలితో తడిమి, "తాతా, మన వాళ్లది ఎక్కడుంది?" అంది. కొన్ని రాళ్లమీద పేర్లు ఇంకా చదవవచ్చు. ఆ పిల్లకు జరిగింది చెప్పేశాను. వంశవృక్షంలో "పడవ తాత" అనే రాసుకుంది.

మాఘమాసంలో ఎండ ముదరకముందే సంఘం తరఫున బస్సు మాట్లాడదామని కార్యదర్శిగారితో అన్నాను. మోకాళ్ల నొప్పులున్నవారు నరసింహస్వామి గుడి దగ్గర కూర్చోవచ్చు. మీ ఇళ్లలో పాత కాగితాలుంటే వెంట తెండి, నేను చదివిపెడతాను. సెలవు.