ఇసుకదిబ్బయు మన బాధ్యతయు



1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు నేటికిని మరువలేదు. వేలకొలది జనులు కడలిపాలైరి. అంతటి ఉప్పెనను గడ్డి ఆపునని మేము చెప్పము. కాని ఏటేట వచ్చు పోటులకును గాలులకును తీరమునకు మొదటి కోట ఇసుకదిబ్బయే. ఆ కోటకు తాపీపనివాడు రావణాసురుని మీసములనెడు గడ్డి. దాని వాడి ఆకులు గాలిని మందగింపజేయగా ఇసుక అచటనే రాలును. పూడినకొలది కణుపులు వేళ్లూని తీగ పైకి లేచును. దానితో దిబ్బయు పెరుగును.

గత తొలకరిని మా వాలంటీరులు ఈ గడ్డిని, బాలబంద తీగలను నాటిరి. పశువులు తొక్కినచోట మరల నాటితిమి. కాని బండ్లు త్రవ్వుకొనిపోయినచోట నాటుటకు దిబ్బయే లేదు! ఆ ఇసుక యెవరి స్థలములకు మెరక యయ్యెను? పట్టణవాసులమగు మన స్థలములకే. కొన్నవారిలో మేమును గలము; సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

2019వ సంవత్సరపు తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఇసుకదిబ్బలను మిక్కిలి రక్షింపదగిన మొదటి తరగతిలో జేర్చినది. న్యాయవాదులము గనుక శాసనబలము నెఱుగుదుము; కొనువాడున్నంతకాలము త్రవ్వువాడుండుననియు నెఱుగుదుము. కావున దిబ్బ ఇసుకను కొనబోమని నేడే ప్రతిన పూనుడు. వచ్చు తొలకరిని ఒక్క ఆదివారము మాతో తీరమునకు రండు. పలుగులు, తీగలు మేము తెత్తుము. మీ చేతులు కావలెను.