సలహా ఎవరూ అడగని విద్యార్థికి ఎన్ని మార్కులు?



ఇంజనీరింగ్ విద్యార్థి కొత్తదనానికి ఎంత సిద్ధమో కొలవడానికి 1977లో హర్ట్, జోసెఫ్, కుక్ రూపొందించిన 20 వాక్యాల కొలమానాన్ని నేటికీ వాడుతున్నారు. విద్యార్థే తనకు తాను మార్కులు వేసుకోవాలి. 46 లోపు వస్తే ‘వెనుకబడ్డవాడు’ అని ముద్ర.

తోటివాళ్లు సలహా కోసం తన దగ్గరికి వస్తారా అన్నది అందులో ఒకటి. రిజర్వేషన్ సీటని ఎత్తిపొడిచే క్లాసులో దళిత విద్యార్థిని సలహా ఎవరడుగుతారు? అక్కడ మార్కు తగ్గింది అతని తెలివికి కాదు, ఆ క్లాసు సంస్కారానికి.

ఈ సంత్రాగాఛి లోకో షెడ్డు కార్మికుల పిల్లలూ ఇంజనీరింగ్‌కు వస్తారు. పాడైన యంత్రాన్ని ఉన్న సామానుతోనే నడిపించే ఆ ఇంటి నేర్పును ఈ కాగితం చేతల్లో చూడదు, విద్యార్థి చెప్పుకునే మాటల్లోనే అడుగుతుంది.

అందుకే అడుగుతున్నాను: పేరు చూడకుండా, చేసిన వస్తువును చూసి మార్కులు వేయండి. కొలమానమే వాడితే, ఫలితాలను కులాలవారీగా బయటపెట్టండి.

జై భీమ్.