బొమ్మా బొరుసూ లెక్క

పటాన్‌చెరువు చెంత కర్మాగారముల క్రింద పొలము పోగా, వచ్చిన పరిహారమును దగ్గర పెట్టుకొని మా మేనమామగారు నన్నడిగిరి: "అల్లుడా, గడచిన ఐదేండ్లలో నాలుగేండ్లు బ్యాంకు డిపాజిట్టుకన్న షేర్లే ఎక్కువ ఇచ్చినవని ఏజెంటు చెప్పుచున్నాడు. సొమ్మంతయు అందు పెట్టుదునా?"

నేనొక రూపాయి బిళ్ల చేతికిచ్చి, ఐదుసార్లు ఎగురవేయుడంటిని. రెండింటికిని భేదమే లేదనియు, ఏ యేటి గెలుపైనను బొమ్మా బొరుసువలె పడినదే యనియు మొదట అనుకొనవలెను. ఐదుసార్లు ఎగురవేసిన బిళ్ల 32 విధములుగా పడగలదు. వానిలో నాలుగుగాని ఐదుగాని బొమ్మలు గలవి 6. అనగా, భేదమేమియు లేకున్నను ఇంచుమించు ఐదింట నొకసారి ఇట్టి గెలుపు కానవచ్చును. ఇదియా సాక్ష్యము?

ఇరువదింట నొకటికన్న అరుదైనప్పుడే దానిని లెక్కలోనికి తీసికొనుట సౌకర్యమని ఫిషర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1925లో వ్రాసెను. పదేండ్లలో ఎనిమిది గెలుపులున్నను అది పదునెనిమిదింట నొకటియే; కొద్దిలో తప్పినది. తొమ్మిదియైనచో తొంబదింట నొకటికి మించదు. అప్పుడు చెవి యొగ్గవచ్చును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ వారును ఒక్క మడిని చూచి వంగడమును మెచ్చరు. పెక్కు మడులలో విత్తి చూతురు.

ఈ లెక్కకు ఒక లోపము కలదు. ఓడిన యేట ఎంత పోయినదో అది చెప్పదు. అందుచే ఆ ఐదవ యేటి సంగతి అడుగుడని మామగారికి చెప్పితిని. ఏజెంటు కాగితము తెచ్చెదనని వెడలెను. సొమ్ము ప్రస్తుతము బ్యాంకులోనే యున్నది.